తాళం తీసిన లైబ్రరీ: ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 26

పని ఇది: మా ఊరి యువజన సంఘం లైబ్రరీని సెలవులు అయ్యేలోపు మళ్లీ నడిచేలా చెయ్యాలి. ఊరు తెనాలి వైపు, కృష్ణా పశ్చిమ డెల్టాలో. పంచాయతీ ఆఫీసు పక్కన ఒక పెద్ద గది, ముందు వరండా, లోపల టేకు బీరువాలు, గోడవారగా చెక్క అరలు, రెండు పొడుగు బల్లలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ దానికి తాళమే. షామియానా గుంజలు, కుర్చీలు దాచుకోవడానికి మాత్రం అప్పుడప్పుడూ తీసేవారు.

నేను డిగ్రీ రెండో ఏడు. నాతో ఇంటర్ పరీక్షలు రాసినవాళ్లు ముగ్గురు, పదో తరగతి అయిపోయినవాళ్లు నలుగురు. వీళ్ల వెనకాలే వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ వేరే. బడులు మళ్లీ తెరిచేది జూన్ 12న. మే ఎండలో పగటిపూట ఏ పనీ సాగదు కాబట్టి పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా అని పెట్టుకున్నాం.

తాళంచెవి సంఘం కోశాధికారి మాస్టారి దగ్గర ఉంది. మా నాన్నకు కూడా లెక్కలు చెప్పిన మనిషి. "తాళం ఇస్తానమ్మా, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక్క పుస్తకం పోయినా ఊళ్లో అందరూ నన్నే అడుగుతారు" అన్నారు. ప్రతి పుస్తకానికీ రిజిస్టరు రాసి చూపిస్తామని మాట ఇచ్చాం. ఆయన భయం నాకు అర్థమైంది. ఆ పుస్తకాల్లో సగం వాళ్ల తరం చందాలు పోగుచేసి కొన్నవి.

ఏప్రిల్ 28

తలుపు తీశాక మొదటి రోజంతా ఏమీ కదపకుండా చూడటానికే పెట్టుకున్నాం. కిటికీలు తెరిచి, గాలి ఆడాక, ఫోన్లతో ప్రతి అరా ఫొటో తీశాం. ఏది ఎక్కడుందో ముందు తెలియకపోతే తర్వాత రిజిస్టరుతో పోల్చుకోవడం కుదరదు.

ఉత్తరం గోడకు చెదల మట్టి గీతలు నేల నుంచి పైదాకా పాకాయి. ఆ గోడకు ఆనించిన అరల్లో కింది రెండు వరసలు పైకి బాగానే కనిపిస్తున్నాయి, చేత్తో లాగితే అట్ట మాత్రమే వస్తోంది, లోపల మట్టి. అవి పోయినట్టే. టేకు బీరువాల్లో పుస్తకాలు మాత్రం చాలావరకు బాగున్నాయి. పాత నవలలు, పురాణాలు, పిల్లల మాసపత్రికల బైండ్లు, మాస్కోలో అచ్చయిన తెలుగు అనువాదాలు. ఆ రష్యన్ పిల్లల పుస్తకాల్లో రంగుల బొమ్మలు ఇప్పటికీ మెరుస్తున్నాయి. ఎనిమిదో తరగతి చెల్లి ఒకటి పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఆమెను లేపబుద్ధి కాలేదు.

పుస్తకాలను మూడు కుప్పలు చేయాలని తేల్చుకున్నాం. బాగున్నవి, బాగుచేయాల్సినవి, పురుగు ఉన్నవి. మూడో కుప్ప వరండా చివర, మిగతావాటికి దూరంగా. అందరికీ మాస్కులు తప్పనిసరి. పాత దుమ్ములో బూజు ఉంటుంది, దగ్గు ఉన్నవాళ్లు లోపలికి రావద్దని చెప్పాం.

మే 2

చెదల పని మనం చేసేది కాదు. తెనాలి నుంచి మందు కొట్టే మనిషిని పిలిచాం. గోడ అడుగున వరసగా కన్నాలు పెట్టి మందు ఎక్కించి, రెండు రోజులు గదిలోకి ఎవరినీ రానీయొద్దన్నాడు. ఖర్చు సంఘం ఖాతాలో మిగిలిన డబ్బు నుంచి మాస్టారే ఇచ్చారు. అరలు మళ్లీ పెట్టేటప్పుడు గోడకు జానెడు దూరం వదిలాం. ఇక చెద వస్తే గోడ మీదే కనిపిస్తుంది, పుస్తకం వెనక దాక్కోదు. కింది అర నేలకు బాగా ఎత్తులో ఉండేలా ఇటుకలు పెట్టాం.

ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చి పాత వైర్లన్నీ పీకేసి కొత్తవి లాగాడు. వైర్ల డబ్బు తీసుకున్నాడు, కూలి తీసుకోలేదు.

మే 5

పుస్తకాలు ఎండలో పోస్తే పురుగు పోతుందని ఊళ్లో అందరి సలహా. బియ్యానికి సరిపోతుందేమో గాని కాగితానికి సరిపోదు. మన మే నెల ఎండకు పాత కాగితం ఇంకా పసుపెక్కి, మడిస్తే విరిగేలా తయారవుతుంది. అందుకే తేమ తగిలిన పుస్తకాలను నీడలో, నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి, ఫ్యాను కింద ఆరబెట్టాం.

పురుగు ఉన్న కుప్పకు వేరే దారి పట్టాం. సన్నటి కన్నాలు చేసే పురుగు, వెండి రంగులో సర్రున జారిపోయే పురుగు, వీటి గుడ్లతో సహా చావాలంటే గడ్డకట్టే చలి మంచిది. మందు వాసన పుస్తకానికి పట్టదు, రేపు దాన్ని చదివే పిల్లలకు హాని ఉండదు. బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల కొట్టు అన్నకు ఐస్‌క్రీముల డీప్ ఫ్రీజర్లు రెండున్నాయి, ఒకటి పెళ్లిళ్ల ఆర్డర్లు లేనప్పుడు ఖాళీ. "పుస్తకాలు ఫ్రీజర్లో ఏంటమ్మా" అని నవ్వి, సరేనన్నాడు.

చేసే పద్ధతి ఇది. పుస్తకం ముందు పూర్తిగా పొడిగా ఉండాలి. పాలిథిన్ కవరులో పెట్టి, గాలి వీలైనంత నొక్కేసి, టేపుతో గట్టిగా మూయాలి. మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు, ఒక రోజంతా అలాగే వదలాలి. లేకపోతే చల్లటి కాగితం మీద మన గాలిలోని తేమ చెమ్మగా పడుతుంది. కవరు మూసి ఉంటే ఆ చెమ్మ బయటే ఆగుతుంది. ప్రతి కవరు మీదా తేదీ రాసి, ఫ్రీజర్ మూతకు కాగితం అంటించాం: "తీయవద్దు, మే 20 వరకు."

మే 9

అతుకుల పని మొదలైంది. మా గుంపులో అందరికీ బాగా నచ్చింది ఇదే, నాక్కూడా.

మొదట దుమ్ము. మెత్తటి పెయింటు బ్రష్షుతో పుస్తకం వెన్ను వైపు నుంచి బయటికి తుడవాలి, ఎదురు తుడిస్తే దుమ్ము కుట్టులోకి పోతుంది. తర్వాత జిగురు. మైదా ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు, ఉండలు లేకుండా కలిపి సన్న సెగ మీద గరిట ఆపకుండా తిప్పుతూ ఉంటే తెల్లటి రంగు పోయి గాజులా మెరుస్తుంది. అప్పుడు దించి, చల్లారాక పలుచటి గుడ్డలో వడకట్టాలి. పాత బైండర్లు ఇందులో మైలుతుత్తం కలిపేవాళ్లు, పురుగు పట్టకుండా. మేం కలపలేదు. అది విషం, ఇక్కడ చేతులన్నీ పిల్లలవి. దానికి బదులు ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకుంటున్నాం, మిగిలితే పారబోస్తున్నాం.

చిరిగిన పేజీకి సెల్లో టేపు వద్దని గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాం. ఎవరో మంచి ఉద్దేశంతోనే ఎప్పుడో వేసిన టేపులు ఇప్పుడు గోధుమ రంగు మరకలై, కింద అక్షరాలను కూడా తినేశాయి. బైండింగ్ సామాన్ల కొట్లో దొరికే పలుచటి తెల్ల టిష్యూ కాగితం మంచిది. దాన్ని కత్తెరతో కాదు, చేత్తో చింపాలి. చింపిన అంచుకు నూగులాంటి పోగులుంటాయి, అవి పేజీలో కలిసిపోతాయి. పలుచగా జిగురు రాసి, అంటించి, పైనా కిందా పాలిథిన్ షీటు పెట్టి, దాని మీద గ్రానైట్ ముక్క. రాత్రంతా అలా ఉంచితే పొద్దుటికి పేజీ సాపుగా వస్తుంది.

కుట్టు ఊడిన వాటికి దబ్బనం, మైనం రాసిన నూలు దారం. మడత మధ్యలో పాత కన్నాల్లోంచే కుట్టాలి, కొత్త కన్నాలు పెడితే కాగితం బలహీనపడుతుంది. ఈ పనిలో మా అందరి కన్నా చెయ్యి తిరిగింది పదో తరగతి అయిన ఒకమ్మాయికి. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. చూసి రెండో రోజే నేర్చేసుకుని, ఇప్పుడు మిగతావాళ్లకు చూపిస్తోంది.

మే 13

పొద్దున రైలెక్కి వేటపాలెం వెళ్లాం, సారస్వత నికేతనం చూడటానికి. మాస్టారు కూడా వచ్చారు. ఈ వేసవిలో నాకు బాగా అవసరమైన ప్రయాణం ఇది.

1918లో ఆ లైబ్రరీని మొదలుపెట్టింది ఆ ఊరి యువజన సంఘం. మాలాంటి కుర్రవాళ్లే. 1929లో భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి ఇప్పటికీ అక్కడ ఉంది. పాత పత్రికల కోసం పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. చేనేత మగ్గాల ఊళ్లో, వందేళ్లు దాటి, ఒక తరం నుంచి ఇంకో తరం చేతికి అందుతూ నిలిచింది.

వాళ్ల దగ్గర మేం చూసి నేర్చుకున్నది పుస్తకం పెట్టే తీరు. చిన్న పుస్తకాలు నిలబెట్టాలి, పత్రికల బైండ్ల వంటి బరువైనవి పడుకోబెట్టాలి. బరువైనదాన్ని నిలబెడితే తన బరువుకు తానే వెన్ను ఊడుతుంది. అర నిండా కుక్కకూడదు, రెండు వేళ్లు పట్టేంత సందు ఉండాలి. తీసేటప్పుడు వెన్ను పై అంచు పట్టి లాగకుండా, పక్క పుస్తకాలను లోపలికి నెట్టి నడుం దగ్గర పట్టుకోవాలి.

తిరుగు రైల్లో మాస్టారు ఇంకో సంగతి చెప్పారు. మా పక్క ఊళ్లదే. 1935లో పెదపాలెం సేవాశ్రమం వాళ్లు, గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి ఆధ్వర్యంలో, పడవ మీద గ్రంథాలయం నడిపారు. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద. రేవు రేవుకూ ఆగుతూ పడవలో వచ్చేవాళ్లకూ ఒడ్డున ఉన్నవాళ్లకూ పుస్తకాలు ఇచ్చేవారట. నేను రోజూ దాటే కాలువల మీద పుస్తకాలు అలా తిరిగాయని ఇరవై ఏళ్లు వచ్చాక తెలిసింది. మా పాఠాల్లో ఇది ఎక్కడా లేదు, ఉండాల్సింది.

మే 17

రిజిస్టరు. విసుగొచ్చే పని, కానీ దీన్ని తొందరగా తేల్చేస్తే మిగతాదంతా వృథా.

పాత రిజిస్టరు బీరువా పై అరలో దొరికింది. నల్ల అట్ట, సిరా రాత, 1962 నుంచి ఎంట్రీలు. వరస సంఖ్య, పేరు, రచయిత, వెల, ఇచ్చినవారు. మేం ఆ వరస సంఖ్యలనే కొనసాగిస్తున్నాం, కొత్త నంబర్లు పెట్టడం లేదు. పుస్తకంలో ముద్ర, రిజిస్టరులో సంఖ్య కలిస్తేనే అది మా పుస్తకం అన్నదానికి రుజువు. పోయినవాటి ఎదురుగా ఎర్ర సిరాతో గీత కాదు, "2వ గోడ అర, చెద" అని కారణం రాస్తున్నాం.

అదే ఫోన్లో షీటుగా ఎక్కిస్తున్నాం. ఇద్దరు చదువుతారు, ఒకరు వాయిస్ టైపింగ్ పెట్టి పలుకుతారు, ఇంకొకరు తప్పులు దిద్దుతారు. రచయిత పేరు అట్ట మీద ఎలా ఉంటే అలాగే, ఇంటిపేరుతో ఉంటే ఇంటిపేరుతో. "క్ష"తో మొదలయ్యే పుస్తకాలను ఫోను "క"లో పెడుతుంది, వర్ణమాలలో అది చివర ఉంటుంది కాబట్టి పిల్లలు అక్కడ వెతుకుతారు. అందుకని అరల మీద అక్షరక్రమం జోలికి పోలేదు.

లైబ్రరీ సైన్సు చదివిన మా పిన్నిగారబ్బాయి డ్యూయీ నంబర్లు, అంటే పుస్తకాలను విషయం వారీగా విడదీసే అంకెలు, వెయ్యమన్నాడు. ఆ పద్ధతిలో తెలుగు సాహిత్యం మొత్తం 894.827 కిందికి వస్తుంది. మా అరల్లో నూటికి ఎనభై అదే. అంత పొడవాటి అంకె వెన్ను మీద రాసి, పిల్లలకు దాని వల్ల ఒరిగేదేమీ లేదు. రంగు స్టిక్కర్లు వేశాం. పిల్లలవి పసుపు, కథలు నవలలు ఆకుపచ్చ, భక్తి కాషాయం, చరిత్ర జీవితచరిత్రలు నీలం, పోటీ పరీక్షలవి ఎరుపు. ఆరేళ్ల పిల్ల కూడా తీసిన పుస్తకాన్ని సరైన అరలో పెట్టగలుగుతోంది. నాకు కావాల్సింది అదే.

మే 21

ఫ్రీజర్ నుంచి కవర్లు నిన్న తీసి, ఇవాళ విప్పాం. పేజీలు దులిపితే చచ్చిన పురుగులు తప్ప ఏమీ లేదు. కన్నాలు ఎలాగూ ఉంటాయి, కానీ ఇక పెరగవు.

సాయంత్రం అసలు చర్చ జరిగింది: పుస్తకం ఇంటికి ఇవ్వాలా వద్దా? సంఘం పెద్దలు కొందరు ఇక్కడే కూర్చుని చదువుకోమందాం అన్నారు. కొందరు యాభై రూపాయలు డిపాజిట్ పెట్టమన్నారు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఈ గదిలో పుస్తకాలు పోయింది జనం తీసుకెళ్లి కాదు. రిజిస్టరు చూడండి, తీసుకెళ్లి ఇవ్వనివి ఎన్ని, చెద తిన్నవి ఎన్ని. ఎవరూ తీయని అరలోనే చెద పట్టింది. గోడ మీద మట్టి గీత కనిపించిన రోజే ఎవరైనా లోపల ఉండి ఉంటే ఆ రెండు వరసలూ మిగిలేవి. ఇక్కడే చదవమంటే ఎవరు వస్తారు? సాయంత్రం పేపరు చదివే మగవాళ్ల మధ్య ఆడపిల్లలు కూర్చోరు. పొద్దున కూలికి పోయేవాళ్లకు తీరదు. కాలువ అవతలి కాలనీ నుంచి చిన్నపిల్లలు ఇంతదూరం రారు. యాభై రూపాయలు మనకు చిన్న మొత్తం, అందరికీ కాదు.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డిపాజిట్ వద్దు. ఇంట్లో పెద్దవాళ్ల సంతకం చాలు. రెండు వారాలు గడువు" అన్నారు. రైల్లో పడవ సంగతి చెప్పిన మనిషి ఆయనే కదా.

మే 26

రోహిణి కార్తె వచ్చింది. పొద్దున ఎనిమిదికే వరండా గచ్చు కాలుతోంది. పొద్దుటి పనివేళలు ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా అని మార్చాం. ఒక పెద్దమ్మ రోజూ బిందెడు మజ్జిగ పంపుతోంది.

ఈ వారం నుంచి పుస్తకాలు ఇళ్లకు వెళ్తున్నాయి. ఈ కాలంలో కాలువలకు నీళ్లు ఉండవు, ఉన్నా ఇప్పుడు పడవలు లేవు. మాకున్నవి సైకిళ్లు. టమాటాల ప్లాస్టిక్ ట్రేలు క్యారియర్‌కు కట్టి, ఒక్కోదాంట్లో పాతిక ముప్ఫై పుస్తకాలు, పైన గోనెపట్టా. సాయంత్రం ఐదున్నరకు మూడు దారులు: కాలువ అవతలి కాలనీ, చెరువు గట్టు, పాత ఊరు. ప్రతి సైకిలుకూ ఇద్దరు. ఒకరు పుస్తకాలు చూపిస్తారు, ఇంకొకరు నోట్‌బుక్‌లో రాస్తారు.

కాలనీలో మొదటి సాయంత్రం ట్రే ఖాళీ అయింది. పిల్లలు తీసుకుంటారని తెలుసు. అమ్మలు అడుగుతారని నేను అనుకోలేదు. వంటల పుస్తకం ఒకరు, వేమన పద్యాలు ఒకరు, డీఎస్సీకి చదివే ఒకక్క సైకాలజీ పుస్తకం ఉందా అని. అది లేదు, రాసుకున్నాం. ఒక తాతగారు పెద్దక్షరాల భారతం ఉంటే తెమ్మన్నారు, కళ్లు ఆనడం లేదట. అదీ రాసుకున్నాం. పాత ఊళ్లో ఒక నాయనమ్మకు చదవడం రాదు. ఆమె మనవరాలు మా గుంపులో పిల్లే, రోజూ అరుగు మీద ఒక కథ చదివి వినిపిస్తోంది, చుట్టుపక్కల వాళ్లూ చేరుతున్నారు. మేం చెప్పకుండానే మొదలైన పని ఇది.

జూన్ 4

మొదటి గడువు ఇంకా కాలేదు, అప్పుడే చాలా పుస్తకాలు తిరిగొచ్చి, మార్చుకుని వెళ్లాయి. ఒక బైండు మీద కూర మరక. పిల్లవాడి అమ్మ బాధపడుతూ తెచ్చింది. ఏం ఫర్వాలేదండీ, ఇంకోటి తీసుకెళ్లండి అన్నాం. మరక పడిందంటే ఎవరో చదివారనే.

జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ రాశాం. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మా ఊరు కూడా కడుతోంది. శాఖా గ్రంథాలయం లేని ఊళ్లలో పుస్తక నిక్షిప్త కేంద్రం పెట్టి, పుస్తకాలు మార్చి మార్చి ఇచ్చే ఏర్పాటు ఉంది. మాకూ అది కావాలని అడిగాం. గది ఉంది, అరలు ఉన్నాయి, రిజిస్టరు ఉంది, నడిపేవాళ్లు ఉన్నారు అని నాలుగు ఫొటోలు జతచేశాం. పంచాయతీ తీర్మానం కాపీ కూడా పెట్టాం. సర్పంచ్ గారు అడగ్గానే చేయించారు. ఇది దయ చేయమని అడగడం కాదు, మేం కట్టిన పన్నుకు రావాల్సింది అడగడం. పిల్లలకు ఆ తేడా చెప్పి, అర్జీ వాళ్లతోనే రాయించాను.

జూన్ 10

ఎల్లుండి బడులు. ఇంటర్ వాళ్లు హాస్టళ్లకు, నేను గుంటూరుకు. సెలవుల్లో మొదలైన పనులు సెలవులతోనే ఆగిపోవడం ఊళ్లో అందరూ చూశారు, అందుకే ఈ వారమంతా అప్పగింతల మీదే కూర్చున్నాం.

తాళంచెవులు మూడు చేయించాం. ఒకటి మాస్టారి దగ్గర, ఒకటి దబ్బనం పట్టిన అమ్మాయి దగ్గర, ఒకటి కూల్‌డ్రింకుల కొట్టులో. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా రోజుకు ఇద్దరు చొప్పున, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వారం పట్టిక వేశాం. పరీక్షల నెలల్లో వాళ్ల బదులు డీఎస్సీ అక్క, ఇంకో ఇద్దరు ఒప్పుకున్నారు. అక్కడే కూర్చుని చదువుకుంటారు, తాళమూ చూసుకుంటారు. సైకిళ్లు ఆదివారం మాత్రమే తిరుగుతాయి. నెలకోసారి అరలన్నీ ఖాళీ చేసి గోడ చూడాలి, చూసినవాళ్లు రిజిస్టరు చివరి పేజీలో తేదీ వేసి సంతకం చేయాలి. ఫోన్ షీటు నా దగ్గర కూడా తెరుచుకుంటుంది, ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో గుంటూరు నుంచే చూస్తుంటాను.

మిగిలిన పనులు: వానలు దిగేలోపు శ్లాబు మీద పగులుకు సిమెంటు పూయించాలి, మేస్త్రీ శనివారం వస్తానన్నాడు. కాలనీలో పంచాయతీ బోరు దగ్గరి గదిలో ఒక చిన్న అర పెట్టుకోవచ్చా అని అడగాలి. పెద్దక్షరాల భారతం, సైకాలజీ పుస్తకం కొనాలి. తెనాలి చుట్టుపక్కల ఎవరి ఇంట్లోనైనా పిల్లల పుస్తకాలు అటక మీద ఊరికే ఉంటే, ఏ ఆదివారమైనా మా సైకిళ్లు వచ్చి తీసుకెళ్తాయి.